కాపాడితిమని యెట్లు తెలియును?

కోలారు జిల్లావారమైన మనకు సముద్రము లేదు. సముద్రమట్టమునకు 2,700 అడుగుల పైయెత్తున, సైనైడు దిబ్బల నీడలో కాపురమున్నవారము. అయినను సముద్రముతో మనకు చుట్టరికము లేకపోలేదు. నంది కొండల ప్రాంతమున పుట్టిన పాలారు మన బేతమంగల చెరువునకు నీరొసగి, కుప్పము సీమ దాటి, తమిళనాట వాయలూరు వద్ద బంగాళాఖాతమును చేరును. ఆ కొండలలోనే పుట్టిన పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు కడ సముద్రమున కలియును. 2007లో చిక్కబళ్లాపురము వేరు జిల్లా యగువరకు ఆ కొండలును మన జిల్లాలోనివే. సముద్రపు సంగతి మనకేల యని యెవరైన అన్నచో ఈ రెండేర్ల పేర్లు చెప్పి ముందుకు సాగుదుము.

రెండేండ్ల క్రిందట మేము కొందరు విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకొని కాకినాడ పోయి కోరింగ అభయారణ్యమును చూచితిమి. గోదావరి సముద్రములో కలియు చోట పెరిగిన మడ అడవి అది. 1978లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చిన ఊపిరివేళ్లను, తిల్ల చెట్లను, బురదపై గెంతు చేపలను చూచి మా పిల్లలు ఇల్లు మరచిరి. చెక్కల బాటపై నడచుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అభయారణ్యం అంటారు గదా సార్, అభయం దొరికిందో లేదో ఎట్ల తెలుస్తుంది?" అని యడిగెను. మేము జవాబు వెదకుకొనుచుండగా పడవ నడుపు పెద్దాయన అందుకొనెను. "లెక్కలు రాస్తారండి మేష్టారూ. ఎన్ని మొక్కలు నాటారో రాస్తారు, ఎన్ని వలలు పట్టుకున్నారో రాస్తారు. నీళ్లలో పీత ఎంతుందో మాత్రం మా వలకే తెలుసండి."

ఆ మాటలోని భేదమును బంగారు గనుల యూరివారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన తాతతండ్రులు దినమునకు ఎన్ని టన్నుల రాయి పైకి తీసిరన్నది యొక లెక్క. ఆ రాతిలో బంగారమెంత యన్నది వేరొక లెక్క. తొలినాళ్లలో టన్నుకు 47 గ్రాముల వరకు దొరకిన బంగారము చివరి కాలమున 3 గ్రాములకు దిగజారెను. రాయి మాత్రము రాయిగనే పైకి వచ్చుచుండెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినది రాయి కరవై కాదు. రీఫు విలువ కంటికి తెలియదు గనుక, సొరంగము పొడవున నియమిత దూరములలో అడ్డముగా చిన్న గాడి చెక్కి, ఆ ముక్కలను సంచులలో కట్టి, నంబరు వేసి అస్సే ఆఫీసునకు పంపువారు. అచ్చట వానిని పొడిచేసి, సీసముతో కరగించి, తుదకు మిగిలిన పూసను తూచి టన్నుకు ఇంత యని చెప్పువారు. మెరయు చోటనే శాంపులు తీసినచో ఆ లెక్క చెల్లదు. నియమించిన చోటనే తీయవలెను.

కోరింగలోను అట్టి లెక్కయే కావలెను. నాటిన మొక్కలు రాతి టన్నుల వంటివి; బ్రదికి యడవియైన మొక్కలు బంగారము. ఆ మడ కొన్ని చోట్ల మునుపు వంటచెరకునకును కలపకును నరకబడి బోసిపోయినది. చెట్టు పోయిన నేల ఎండి క్రుంగి పళ్లెమువలె పల్లమగును. పోటునీరు అందు నిలిచి ఆవిరియై ఉప్పు పేరుకొనును. ఆ యుప్పులో మొక్క బ్రదుకదు. గడచిన శతాబ్దపు చివరి సంవత్సరములలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు గ్రామస్థుల సమితులతో కలిసి, చేప వెన్నెముకవలె కాలువలు త్రవ్వించి పోటునీరు వచ్చిపోవునట్లు చేసిన పిదప మడ మరల ఎక్కివచ్చెను. ఉపగ్రహ చిత్రములలో పూర్వాపరములు పోల్చి దీనిని చూడవచ్చును.

అయినను ఒక చిక్కు కలదు. గోదావరి తెచ్చు ఒండ్రు క్రొత్తగా మేటవేసిన చోట మడ తనంతట తానే మొలచును. పటములో పచ్చదనము పెరిగినచో అందు కాపుదల చేసినదెంత, నది చేసినదెంత? పరీక్షించువారు రెండు విధముల పోల్చవలెను. కాపుదలకు ముందు స్థితిని తరువాతి స్థితితో పోల్చుట యొకటి. కాపుదల గల చోటును, తక్కిన విషయములలో అట్టిదే యై కాపుదల లేని చోటుతో పోల్చుట రెండవది. మొదటి పోలిక మాత్రమే చేసి పండుగ చేసికొను నివేదికలను మేము నమ్మజాలము.

తాబేళ్ల సంగతి మరింత కష్టము. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలము చివర హోప్ దీవి ఇసుకలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లను కంచెలలో కాపాడి పిల్లలను సముద్రమున విడుచుట మంచి పనియే, ఫొటోలకును బాగుండును. కాని విడిచిన పిల్ల పెరిగి తిరిగి గ్రుడ్లు పెట్టుటకు పదేండ్లకు పైన పట్టును. తాబేలునకు అభయారణ్యపు హద్దురాయి కనబడదు. హద్దు దాటి ట్రాలరు వలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. 2025 జనవరిలో చెన్నై తీరమునకు వందలకొలది తాబేళ్ల కళేబరములు కొట్టుకొని వచ్చెను. విడిచిన పిల్లల పట్టికలో చచ్చిన తల్లులకు గడి లేనిచో అది సగము పట్టికయే.

2004లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము సముద్ర రక్షిత ప్రాంతముల పరీక్షకై ప్రచురించిన గ్రంథమున 42 సూచికలు గలవు. వానిలో ప్రాణికోటికిని పరిసరములకును చెందినవి 10 మాత్రమే. 16 మనుష్యుల జీవనమునకు, 16 పరిపాలనకు చెందినవి. చేపలకంటె మనుష్యులకే యెక్కువ గడులేల యని మా పిల్లలు నవ్విరి. మాకది సరియైన తూకముగనే తోచినది. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. ఆ రెండు నెలలు మత్స్యకారుని యింట పొయ్యి ఎట్లు వెలిగినదో, ప్రభుత్వపు భృతి సకాలమున చేరినదో లేదో అడుగక, నిషేధము ఫలించినదని వ్రాయుట తగదు. ఆకలిగొన్న యిల్లు చాటుగానైన వల వేయును. గనులు మూతబడిన పిదప తెల్లవారకమునుపే బెంగుళూరు రైలెక్కుట నేర్చిన మన యిండ్లవారికి ఈ మాట క్రొత్త కాదు.

ఇట్టి పరీక్ష మన జిల్లాకును వచ్చినది. 2018లో బెంగుళూరు కోరమంగల–చల్లఘట్ట లోయలోని మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు తెచ్చుట మొదలుపెట్టిరి. పథకము దినమునకు 44 కోట్ల లీటర్లకు. ఆ జులైలోనే లక్ష్మీసాగరము చెరువున నురుగు లేచెను. హైకోర్టు నీటిని నిలిపి, పిదప అనుమతించెను. సుప్రీంకోర్టును 2019లో ఒకమారు నిలిపి, ఆ యేటనే మరల అనుమతించెను. చెరువులు నిండినవి, బావులలో నీరు పైకి వచ్చినది. అది కంటికి కనబడు లెక్క. నీటిలో ఏమున్నదనునది అస్సే ఆఫీసు లెక్క. మూడవ దశ శుద్ధి కావలెనని రైతులు అడుగుట ఆ రెండవ లెక్క కొరకే. మా అభిప్రాయమున రెండింటిని నెలనెల పంచాయతి గోడపై వ్రాయింపవలెను. కన్నడమున వ్రాసిన దాని ప్రక్కనే తెలుగునను.

మా తొమ్మిదవ తరగతివారు గత జులై నుండి బేతమంగల చెరువు కడ ఒక నోటుపుస్తకము నడుపుచున్నారు. నెలకొక ఆదివారము, అదే గంటకు, అదే మెట్టుపై నిలిచి, నీరు ఎన్నవ మెట్టువరకు నున్నదో, కొంగలెన్నియో, వలలెన్నియో వ్రాయుదురు. పక్షులు లేని దినమున వ్రాయుటకేమున్నదని కొందరనిరి. కోరింగలో ప్రశ్న యడిగిన బాలిక ఒప్పుకొనలేదు. ఆగస్టు పుటలో కొంగలు 14. సెప్టెంబరు పుటలో తేదీ, గంట, నీటిమెట్టు, వాని యెదుట గుండ్రముగా నొక సున్న.