నలుచదరపు చక్రం

మా అత్తయ్యకి డెబ్బై ఒకటి. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. "అరుగుదల మొదలైంది, కాళ్లు కదుపుతూ ఉండాలి" అన్నారు డాక్టరుగారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆవిడ వెంటపడ్డాను. రోజూ సాయంత్రం రెండంతస్తులు మెట్లు దిగి, కింద నాలుగు రౌండ్లు నడిచి, మళ్లీ మెట్లెక్కి రావాలి. లిఫ్టు ఉన్నా ఎక్కనిచ్చేదాన్ని కాదు.

నెల తిరక్కుండానే ఆవిడ కిందికి రావడం మానేశారు. ఆఖరికి గుడికి కూడా. "ఓపిక లేదులే అమ్మాయ్" అన్నారు. నేను బద్ధకం అనుకున్నాను. ఒకరోజు, "మీరిలా కూర్చుంటే రేపు మంచం మీదే ఉండాలి" అని గట్టిగానే అనేశాను. ఆవిడ మాట్లాడలేదు. ఆ రాత్రి గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్తుంటే చూశాను. ఒక్కో అడుగుకీ పెదవి కొరుక్కుంటున్నారు.

ఆ వారంలోనే మా అమ్మాయి ఫోన్‌లో ఓ వీడియో చూపించింది. న్యూయార్క్‌లో లెక్కల మ్యూజియం ఒకటి ఉందట, 2012లో తెరిచారు. అక్కడ మూడు చక్రాల సైకిలుకి చక్రాలు గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉన్నాయి! అయినా పిల్లలు కుదుపు లేకుండా హాయిగా తొక్కేస్తున్నారు.

"అదెలాగే?" అన్నాను. దారి చదునుగా లేదు, వరసగా చిన్న చిన్న గుట్టలున్నాయి. అత్తయ్య మల్లెలు మాల కడుతుంటే, ఆ మాలని తీసుకుని రెండు కొసలూ పట్టుకుంది. "ఇలా వేలాడుతోంది కదా నానమ్మా, ఈ వంపుని బోర్లించి నేల మీద పెడితే అదే ఒక గుట్ట. గుట్ట ఈ కొస నుంచి ఆ కొసకి వంపు ఎంత పొడుగో, చక్రం ఒక పక్క కూడా అంతే ఉండాలి. అప్పుడు చక్రం మూల సరిగ్గా రెండు గుట్టల మధ్య సందులో కూర్చుంటుంది. ఇరుసు పైకీ కిందికీ పోదు." అదే చక్రం చదును రోడ్డు మీద వేస్తే మూల మూలకీ ఎత్తెత్తి పడేస్తుంది.

అత్తయ్య నవ్వి, "అయితే తప్పు చక్రానిది కాదన్నమాట" అన్నారు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

మర్నాడే ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. మోకాలంటే తలుపు బందులాంటిది కాదట. గుండ్రటి తొడ ఎముక కొస, కింది ఎముక మీద దొర్లుతూ జారుతుంది. మధ్యలో నెలవంకల్లాంటి రెండు మెత్తలుంటాయి. మెట్లు దిగేటప్పుడు ఆ కీలు మీద ఒంటి బరువుకి మూడు రెట్లు పైనే పడుతుందని చెప్పింది ఆ అమ్మాయి. "కదపాలి ఆంటీ, కుదపకూడదు" అంది.

నేను చేయించిందంతా కుదపడమే.

ఇప్పుడు ఇంట్లో నిలబెట్టి తొక్కే సైకిల్ ఒకటి ఉంది. బరువు సీటు మోస్తుంది, కాలు గుండ్రంగా తిరుగుతుంది. సీటు ఎత్తు మాత్రం చూసుకోవాలి. పెడల్ అడుక్కి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే చాలు. సీటు మరీ కిందికుంటే మోకాలు ఎక్కువ ముడుచుకుని నొప్పి పెరుగుతుంది. బిగువు పెట్టకుండా అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, ఇప్పుడు పావుగంట తొక్కుతున్నారు. (ఎవరి మోకాలు వాళ్లది. మీరూ అడిగే మొదలుపెట్టండి.) లిఫ్టులో దిగి చదును దారిలో నడుస్తున్నారు. కత్తిపీట అటకెక్కింది. బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని చాకుతో తరుగుతూ, బెండకాయ ముక్కలు సమంగా రావట్లేదని రోజూ సణుగుతారు. సణగనీండి.

పోయిన శనివారం గుడికి వెళ్లొచ్చారు.

ఆ రోజన్న మాటకి క్షమించమని నేను నోరు తెరిచి అడగలేదు. మొదటిరోజు సైకిల్ సీటు సరిచేస్తూ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆవిడే నా తల మీద చెయ్యేసి, "ఇంకో రెండు వేళ్లు పైకి పెట్టు అమ్మాయ్" అన్నారు.