ఎల్‌సీ తీసుకున్నావా?

ఆదివారం రాత్రి పదకొండున్నర. విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి సర్వర్ గది. రెండో కేబులు అలా గుచ్చాడో లేదో... స్విచ్చుల మీది పచ్చదీపాలన్నీ పూనకం వచ్చినట్టు మిణుకుమనడం మొదలెట్టాయి. అరనిమిషంలో మూడో అంతస్తు ఐసీయూ నుంచి ఫోను. 'స్కాను తెరుచుకోవట్లేదండీ!'

2012 నాటి సంగతిది. అతను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. స్కాను బొమ్మలతో రెండు స్విచ్చుల మధ్యనున్న ఒకే ఒక్క గిగాబిట్ కేబులు పగలంతా కిక్కిరిసిపోతోంది. కొత్తవి కొనమంటే యాజమాన్యం వినదు. పోర్టులు ఖాళీగా ఉన్నాయి కదా, రెండు కేబుళ్లు కలిపి ఒకటిగా వాడదామనుకున్నాడు. హైదరాబాద్‌లోని సీనియర్‌ని అడిగితే, 'ఏముందోయ్, రెంటినీ ట్రంక్ చేసెయ్' అన్నాడు. చేసేశాడు!

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. హెచ్‌పీ ప్రోకర్వ్ స్విచ్చుల్లో ట్రంక్ అంటే చాలా తీగల్ని ఒకే తీగగా కట్టడం. సిస్కో వాటిలో ట్రంక్ అంటే ఒకే తీగ మీద చాలా వీలాన్‌లను పంపడం. తీగలు కలపడాన్ని వాళ్లు ఈథర్‌చానెల్ అంటారు. సీనియర్ మొదటి భాషలో చెప్పాడు, ఇతను రెండో భాషలో చేశాడు. కేబుళ్లు ఒకటి కాలేదు, రెండు వేర్వేరు దారులయ్యాయి. ఇటు వెళ్లింది అటు తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి... గానుగెద్దు తిరుగుడే. అలాంటి అదనపు దారిని మూసేసే స్పానింగ్ ట్రీ అనే కాపలాదారుణ్ని అంతకుముందెవరో ఆపేసి పోయారు.

తప్పెక్కడుందా అని వెతుకుతూ కూర్చున్నాడు గానీ, కేబులు పీకేస్తే సరిపోతుందని పది నిమిషాలదాకా తట్టలేదు. ఆలోపు ఐసీయూ డాక్టరు ఓ పెద్దాయన తలస్కాను చూడటానికి మెట్లు దిగి స్కానింగ్ గదికి పరుగెత్తాల్సి వచ్చింది.

తెల్లారి ఇంటికొచ్చి, కంచం ముందు ఊరికే కూర్చున్న కొడుకుని తండ్రి కదిపాడు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. కంప్యూటర్ల గొడవ తెలీదు. అంతా విని, 'అవతలి చివర ఏముందో చూసుకోకుండా లైను కలిపావుట్రా? ఎల్‌సీ తీసుకోవద్దూ?' అన్నాడు. సబ్‌స్టేషన్ వాళ్లు లైన్ క్లియర్ ఇచ్చాకే స్తంభం ఎక్కిన మనిషి మరి!

ఎల్‌ఏసీపీ చేసేదీ దాదాపు అదే. రెండు చివర్లా స్విచ్చులు ఒకదాన్నొకటి పలకరించుకుని, సరేననుకున్నాకే తీగలు జట్టుగా చేరతాయి. 2000లో 802.3ఏడీ ప్రమాణంగా వచ్చింది కాబట్టి వేర్వేరు కంపెనీల స్విచ్చుల మధ్యా పనిచేస్తుంది. అలాగని ఒక స్కాను సగం టైములో వచ్చేయదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లే సమాచారం ముందువెనకలు కాకుండా ఒకే తీగ పట్టుకుని పోతుంది. పదిమంది డాక్టర్లు ఒకేసారి చూస్తున్నప్పుడే రెండో తీగ అక్కరకొచ్చేది. ఒకటి తెగినా రెండోది మోస్తుంది.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఈసారి డ్యూటీ డాక్టరుకి ముందే చెప్పాడు. రెండు స్విచ్చుల్లోనూ అమరిక పూర్తయ్యేదాకా రెండో కేబులు ముట్టుకోలేదు. అంతా అయ్యాక, పైన స్కాన్లు చూస్తూ ఉండమని, ఏమాత్రం ఆగినా ఫోన్ చేయమని చెప్పి, ఒక కేబులు పీకాడు. ఊపిరి బిగబట్టి ఫోను వంక చూశాడు.

అది మోగలేదు.