కొల్లేటి గూడబాతుల నడుమ



ఆకాశపక్షులను చూడమని మన ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పారు (మత్తయి 6:26). చింత పడవద్దన్న పాఠంగానే మనం ఆ మాటను ఎక్కువగా వింటాం. అది సరియైనదే. అయితే చూడమన్నప్పుడు నిజంగా తల ఎత్తి చూచేవారు మనలో ఎందరు? మా సంఘ యౌవనులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక రైతు కలసి పెట్టుకొన్న చిన్న పక్షి పరిశీలన బృందం మాది. నెలకొక శనివారం దగ్గరలోని ఏదో ఒక చెరువుగట్టుకు వెళ్తాం. జనవరి వచ్చిందంటే మాత్రం కొల్లేటి ప్రయాణమే.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చే నీరంతా ఇందులో చేరి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పోతుంది. వానాకాలపు వరదను ఇది పట్టి ఉంచుతుంది గనుకనే చుట్టుపక్కల చేలకు ఎంతో రక్షణ. 1999లో ఇందులో 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలను గుర్తించే రామ్‌సర్ జాబితాలో కొల్లేటికి చోటు దొరికింది.

కైకలూరులో రైలు దిగి ఆటో ఎక్కితే కొద్దిసేపట్లోనే ఆటపాక చేరతాం. మేము చేరేసరికి ఇంకా మంచు విడలేదు. ముందు చప్పుడు వినిపించింది, తరువాత వాసన తగిలింది, ఆ తరువాతే పక్షులు కనిపించాయి. నీటి నడుమ చెట్లమీద, అటవీశాఖవారు నాటిన ఇనుప మంచెలమీద ఎక్కడ చూచినా గూడబాతులే. పక్కనే నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకొంటున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు మోకాలిలోతు నీటిలో ముక్కు తెరచి నిలుచున్నాయి. నత్తగుల్ల కొంగలను మా రైతు సోదరుడు వెంటనే గుర్తుపట్టారు. వరిచేలో నత్తలను ఏరి తినే ఈ కొంగ ఆయనకు కూలి అడగని పాలేరు.

గూడబాతు పెద్ద పక్షి. నాలుగైదు కిలోల బరువు తూగుతుంది. ముక్కు కింద వేలాడే తోలుసంచితో నీటిని, చేపను కలిపి తోడుకొని, నీటిని వదలి చేపను మింగుతుంది. మన పెద్దలు కాలువలోనుండి పొలానికి నీరు తోడిన గూడను చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. రెండు మూడు గుడ్లు పెట్టి సుమారు నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు తల్లి సంచిలోనికి తల దూర్చి ఆహారం అందుకోవడం చూచి మా చిన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

మేము వెళ్లింది వినోదానికి మాత్రమే కాదు, లెక్కించడానికి. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతోంది. జీతం లేని మనుష్యులే ఎక్కువగా ఆ పని చేస్తారు. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక్కొక్క జంట ఒక్కొక్క దిక్కు పంచుకొంటాం. ఒకరు దుర్భిణితో చూచి చెప్తే మరొకరు వ్రాస్తారు. గుంపు పెద్దదైతే పదిని లెక్కించి, అంత మేరను కంటితో కొలత పెట్టుకొని ముందుకు సాగుతాం. గూళ్లున్న చెట్ల దగ్గరకు మాత్రం పోము. తల్లి బెదరి లేస్తే గుడ్డు ఎండకు చెడుతుంది, కాకి ఎత్తుకుపోతుంది.

లెక్క ఎందుకని అడిగేవారికి కొల్లేటి చరిత్రే జవాబు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఇక్కడ గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. అప్పుడు దాదాపు 3000 పక్షులు గూళ్లు కట్టుకొని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేకుండా పోయింది. ఆయన వ్రాసి ఉంచకపోతే, పోగొట్టుకొన్నది ఎంతో మనకు తెలిసేదే కాదు. ఆటపాకలో అవి మళ్లీ గూళ్లు కట్టడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

సరస్సు చాలాభాగం చేపల చెరువులైన తరువాత, 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువుగట్లను కొట్టించింది. నీటికి దారి దొరికింది గాని, ఆ చెరువులమీద బ్రతికిన పేదల ఇండ్లలో దిగులు కూడా నిండింది. తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి. పక్షి పక్షమా, మనిషి పక్షమా అని అందరూ వాదించుకొంటారు. మమ్మల్ని పడవలో త్రిప్పిన పెద్దాయనను మేము అదే అడిగాం. “తాతా, ఇవి మీ చేపలు తినేస్తుంటే కోపం రాదా?”

“తింటాయి బాబూ, తినకేం చేస్తాయి? నీళ్లు మురిగి చేప చచ్చిన ఏడు ఇవీ రాలేదు, మా వలా తడవలేదు” అన్నాడాయన.

పక్షికి, జాలరికి అదే నీరు ఆధారం. పురుగుమందు, మురుగు కలిసిన నీరు ఇద్దరి కంచాన్నీ ఖాళీ చేస్తుంది. గూటిలో తల్లిపక్షి ఉంటే పిల్లలతోకూడ తల్లిని పట్టుకోరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించారు. తీసుకొనే చేతికి కూడా హద్దు పెట్టిన ధర్మశాస్త్రమది. సంకుబుడి కొంగ తన కాలమును ఎరుగునని యిర్మీయా ప్రవక్త వ్రాశారు (8:7). అది కాలమెరిగి వచ్చినప్పుడు దిగడానికి నీరు, గూడు కట్టడానికి చెట్టు లేకుండా చేసినవారం మనమైతే దేవునికి ఏమని ఉత్తరమిస్తాం?

కొల్లేరు దాకా రాలేనివారు తమ ఊరి చెరువుతోనే మొదలుపెట్టవచ్చు. గట్టుమీది తుమ్మచెట్టును, చింతచెట్టును నరకనివ్వకండి. వలపన్ని పట్టిన అడవిబాతును సంతలో కొనకండి. మందుడబ్బాలను కాలువలో కడగవద్దని ఇంటివారికి చెప్పండి. ఆదివారపు బడి పిల్లలకు ఒక నోటుపుస్తకమిచ్చి, ఆరాధన అయ్యాక చెరువు చూపించండి. ఏ పక్షి, ఎన్ని, ఏ తేదీన అని వ్రాయిస్తే చాలు. పేరు తెలియకపోతే రంగు, కాళ్లు, ముక్కు వ్రాయమనండి. రెండు పిచ్చుకలలో ఒకటైనను తండ్రికి తెలియకుండా నేల రాలదని నమ్మే మనం, మన ఊరి చెరువుమీద ఎన్ని వ్రాలాయో తెలిసికొనడం ఆయన పనిలో చిన్న పాలు పొందడమే.