గెలవకముందు చేసే దువా

సానియా మీర్జా పేరు ఎత్తితే మనవాళ్ళలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి ఆమె గెలిచిన కప్పులు. రెండోది 2005లో ఆమె స్కర్టు మీద జరిగిన రభస. పేపర్ల నిండా ఫత్వా ఖబర్లు, టీవీల్లో బహస్‌లు. నాకు మాత్రం అంతకు ముందు గడిచిన పన్నెండేళ్ళే ముఖ్యమనిపిస్తాయి. వాటి జిక్ర్ మన ఇళ్ళలో రాదు.

1986లో ముంబైలో పుట్టి, పసితనంలోనే హైదరాబాద్ వచ్చిన పిల్ల ఆరేళ్ళకు రాకెట్ పట్టింది. అబ్బా ఇమ్రాన్ మీర్జా తానే కోచ్ అయ్యారు. అమ్మీ నసీమా టోర్నమెంట్లకు వెంట తిరిగారు. అప్పట్లో ఇక్కడ మంచి కోర్టులు తక్కువ. పేడతో అలికిన కోర్టుల మీద ఆడిన రోజుల గురించి సానియానే చెప్పింది. తాలీమ్ కూడా ఆగలేదు: ముందు నస్ర్ స్కూల్, ఆ తర్వాత సెయింట్ మేరీస్ కాలేజీ.

ఫలితం ఎప్పుడొచ్చింది? 2002 బుసాన్ ఏషియన్ గేమ్స్‌లో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్. ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ దాకా వెళ్ళి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. ఏ హిందుస్తానీ ఆడపిల్లా అంతకు ముందు అది గెలవలేదు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు.

అంటే ఆ తల్లిదండ్రులు ఏళ్ళకేళ్ళు పైసలు, వక్త్, సబర్ పెడుతూనే వచ్చారు. గెలుస్తుందని ఎవరూ రాసివ్వలేదు. ఎండలో ఆడితే నల్లబడిపోతావు, నిన్నెవరు నికా చేసుకుంటారని చుట్టుపక్కల వాళ్ళు అనేవారట. ఆ మాట కూడా సానియా చెప్పిందే.

ఆ మాట ఇంకా చావలేదు. నాచారంలో మా ఆపా కూతురికి పన్నెండేళ్ళు, టెన్నిస్ నేర్చుకుంటోంది. ఏ దావత్‌కు వెళ్ళినా ఎవరో ఒక ఖాలా ఆ పిల్ల చేతులు చూసి "అయ్యో, రంగు ఎలా అయిపోయిందో!" అంటుంది. బిర్యానీ ప్లేటు ముందు పిల్ల చేతులు దుపట్టాలో దాచుకుంటుంది. మా ఉప్పల్‌లో అంత పెద్ద క్రికెట్ స్టేడియం ఉంది. గల్లీలో ప్రతి అబ్బాయీ బ్యాట్ పట్టుకుని తిరుగుతాడు. వాడి రంగు గురించి ఎవరూ ఫికర్ పడరు. వాడు రంజీ ఆడతాడా అని హిసాబ్ అడిగి బ్యాట్ కొనివ్వరు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ముందే గ్యారంటీ కావాలి.

ఆటలో గ్యారంటీ ఎక్కడిది? చిన్న ఐటీఎఫ్ టోర్నీల్లో 14 సింగిల్స్ టైటిళ్ళు గెలిచిన సానియాకే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ జిందగీలో ఆ ఒక్కటే. 2007లో 27వ ర్యాంకు దాకా ఎక్కింది. మణికట్టు గాయం వెనక్కి లాగింది. తర్వాత డబుల్స్ మీదే మనసు పెట్టి, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. నసీబ్ అల్లా చేతిలో ఉంది, మెహనత్ మన చేతిలో ఉంది.

2023 మార్చిలో ఎల్బీ స్టేడియంలో ఆమె ఆఖరి ఆట ఆడితే షహర్ అంతా చప్పట్లు కొట్టింది. గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టడానికి హిమ్మత్ అక్కర్లేదు. ఇంకా ఏమీ గెలవని పిల్లను పొద్దున్నే లేపి, ఫజర్ అయ్యాక కోర్టుకు తీసుకెళ్ళడానికి కావాలి.

"టెన్త్‌కొస్తే మాన్పించెయ్యనా?" అని ఆపా నన్ను అడిగింది. ఆపా, దాన్ని సానియా కమ్మని ఎవరూ అడగట్లేదు. చదువుకోనీ, ఆడుకోనీ. ఏడాదికోసారి కూర్చుని, పిల్లనే అడిగి ఫైసలా చేద్దాం. ఖాలాలను అడిగి కాదు.