112 కిలోల మనిషి, 75 కిలోల స్ప్రింగు

విదేశాల్లో రోడ్లన్నీ అద్దంలా ఉంటాయని మనవాళ్లలో ఇంకా చాలామందికి నమ్మకం. ఇంగ్లండులో ఒక్క చలికాలం మోటారు సైకిలు నడిపితే చాలు, ఆ నమ్మకం గుంతల పాలవుతుంది. అక్కడి తారు పరిశ్రమ కూటమి ఏటా 'అలారం' పేరుతో రోడ్ల మీద ఒక సర్వే చేయిస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లలోని స్థానిక రోడ్లను దారికి తేవాలంటే సుమారు 1,700 కోట్ల పౌండ్లు కావాలని 2025 సర్వే తేల్చింది. పగుళ్లలోకి దిగిన వాననీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది, పైనుంచి లారీ వెళుతుంది. మార్చి వచ్చేసరికి గుంత తయారు. కారులో వాళ్లకు అదొక కుదుపు. బండి మీద వాళ్లకు మాత్రం నడుము సంగతి.

డెర్బీలో ఏళ్ల తరబడి ఉంటున్న ఒక భీమవరం ఇంజనీరుకు ఈ నడుము సంగతి అందరికంటే ఎక్కువ తెలిసొచ్చింది. మనిషి ఆరడుగుల పైన ఎత్తు, 112 కిలోల బరువు. అక్కడి జనం లెక్కలో పదిహేడున్నర స్టోన్లు. హెల్మెట్టు, తోలు జాకెట్టు, బూట్లు, పైన వాన కోటు కలిపితే 120 దాటిపోతాడు. ఇండియా లైసెన్సు బ్రిటన్‌లో ఏడాది వరకే చెల్లుతుంది కాబట్టి సీబీటీ అనే తప్పనిసరి శిక్షణ నుంచి మాడ్యూల్ 2 రోడ్డు పరీక్ష దాకా అన్నీ కొత్తగా పూర్తిచేసి, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టార్ 650 కొన్నాడు. తండ్రి బుల్లెట్టు మీద కాలవగట్ల వెంట తిరిగి పెరిగిన మనిషికి వేరే బండి మీదికి మనసు పోలేదు.

బండి చెన్నై పక్కన తయారై ఓడెక్కి వచ్చింది. ఆ కంపెనీ పుట్టిల్లు రెడిచ్ మాత్రం డెర్బీకి కారులో గంటన్నర లోపే. సస్పెన్షన్ చరిత్రలో రెడిచ్‌కు ఒక మంచి పేజీ ఉంది. వెనక చక్రాన్ని నేరుగా చట్రానికే బిగించేసి, కుదుపంతా సీటు కింది స్ప్రింగుల మీద వదిలేసే రోజుల్లో, ఆ చక్రాన్ని పైకీ కిందికీ కదలనిచ్చే స్వింగ్ ఆర్మ్ ఉన్న బుల్లెట్టు నమూనాలు అక్కడ తయారయ్యాయి. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ సిక్స్ డేస్ ట్రయల్‌లో వాటిని నడిపిన ఇద్దరూ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్లు ఆ వంశానివే.

ఇంతటి వంశం నుంచి వచ్చిన బండి మనవాణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టిందంటే, తప్పు బండిదీ కాదు, మనిషిదీ కాదు. దానికి బిగించిన స్ప్రింగు వేరే మనిషిది.

డెర్బీ నుంచి ఎ6 రోడ్డు పట్టుకుని మ్యాట్‌లాక్ బాత్ వెళ్లడం ఆ చుట్టుపక్కల బండ్లవాళ్లకు ఆదివారం అలవాటు. నది పక్కన వరసగా బండ్లు ఆపి, చేప వేపుడూ చిప్సూ తింటూ ఒకరి బండి ఒకరు చూసుకుంటారు. ఆ దారిలోనే లక్షణాలన్నీ బయటపడ్డాయి. చిన్న గుంతకే వెనక షాకులు అడుగంటి 'టప్'మంటాయి. మలుపులో బండి అనుకున్న గీత మీద నిలవక బయటికి జారుతుంది. బ్రేకు నొక్కితే ముందు భాగం అమాంతం కిందికి దిగుతుంది. సాయంత్రం తిరుగు దారిలో ఎదురు కార్ల వాళ్లు ఊరికే లైట్లు కొట్టి తిడుతుంటారు. వెనక సీటు మీద భార్య ఉన్న రోజైతే చెప్పక్కర్లేదు. "ఏవండీ, ఈసారి నేను రైల్లో వస్తాను, మీరు దీని మీద రండి" అని ఆవిడ తేల్చి చెప్పేసింది.

ఇవి వేర్వేరు జబ్బులు కావు. బరువుకు వెనక భాగం కిందికి కూరుకుపోతే ముందు చక్రం మీద భారం తగ్గుతుంది, ఫోర్కు ఇంకా వాలుతుంది, మలుపు తిరగడానికి బండి బద్ధకిస్తుంది. హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ముందు స్ప్రింగులు కూడా మెత్తనివే కాబట్టి బ్రేకు వేసినప్పుడు అవీ చాలవు.

భీమవరంలో ఉన్న బావమరిదికి వీడియో కాల్‌లో బండి చూపిస్తే తీర్పు క్షణంలో వచ్చేసింది. "బావగారూ, షాకు కింద కాలర్ ఉంటుంది చూడండి. దాన్ని ఆఖరి గాటుకి తిప్పేసి ఊరుకోండి. ఇక్కడ ముగ్గురెక్కి, మధ్యలో గ్యాస్ బండ కూడా పెట్టుకుని పోతన్నారు. వాళ్లకి లేని నొప్పి మీకేంటండీ?"

ఆ కాలర్ తిప్పడాన్ని ప్రీలోడ్ అంటారు. తెలుగునాట ఏ మెకానిక్కును అడిగినా 'స్ప్రింగు టైటు చేశాం' అంటాడు. నిజానికి స్ప్రింగు టైటు కాదు. మిల్లీమీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగు అనుకోండి, అంటే మిల్లీమీటరు నొక్కడానికి సుమారు రెండు కిలోల బరువు కావాలి. కాలర్‌తో దాన్ని 10 మిల్లీమీటర్లు ముందే నొక్కి పెడితే, మొదటి 200 న్యూటన్ల దాకా అది కదలదు. ఆ తర్వాత మాత్రం ఎప్పటిలాగే మిల్లీమీటరుకు 20 న్యూటన్లే. బండి ఎత్తు మారుతుంది, స్ప్రింగు బలం మారదు. గుంతలో పడినప్పుడు పని చేయాల్సింది ఆ బలమే.

బావమరిది మాట కాదనడం ఎందుకని మనవాడు కాలర్ తిప్పి చూశాడు. ఎత్తు వచ్చింది. కానీ కొత్త చిక్కు. మిట్ట దాటి బండి తేలికయ్యేచోట వెనక చక్రం చివరి దాకా సాగి ఠంగున ఆగుతోంది. ఇది స్ప్రింగు మెత్తనిదని చెప్పే అసలైన గుర్తు, మామూలు బుద్ధికి తలకిందులుగా కనిపించే గుర్తు కూడా. ప్రీలోడ్ అంతా వాడేసి మనిషి బరువుకు బండిని లేపారు కాబట్టి, మనిషి దిగితే స్ప్రింగు పూర్తిగా సాగిపోయి కూర్చుంటుంది. చక్రం కిందికి దిగడానికి చోటే ఉండదు. రోడ్డు పల్లంలోకి టైరు దిగలేదు, పట్టు పోతుంది. వాన రోడ్డు మీద బ్రేకు వేసేవాడికి ఆ పట్టే కావాలి.

సరిగా కొలిచింది ఊరి చివర షెడ్డులో పనిచేసే ఒక ముసలి మెకానిక్కు. బండి చూడకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీ బరువెంత?" బట్టలతో కలిపా, బట్టలు లేకుండానా అని రెండోది. బండిని స్టాండు మీద వెనక చక్రం గాలిలో ఉండేలా లేపి, ఇరుసు నుంచి సీటు కింద ఒక బోల్టు దాకా టేపుతో కొలిచి, ఆ బోల్టు పక్కన కాగితం ప్లాస్టరు అంటించి పెన్సిలుతో గీత గీశాడు. కాలర్‌ను మళ్లీ కంపెనీ పెట్టిన గాటుకు తెచ్చి, మనవాణ్ణి హెల్మెట్టు, బూట్లతో సహా ఎక్కించి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టించి, ఒక కుర్రాడి చేత హ్యాండిలు పట్టించి మళ్లీ కొలిచాడు. తేడా 41 మిల్లీమీటర్లు. దీన్నే శాగ్ అంటారు. ఇంటర్‌సెప్టార్ వెనక చక్రం మొత్తం కదలికే 88 మిల్లీమీటర్లు. రోడ్డు బండికి అందులో మూడో వంతు లోపు బండి బరువు, మనిషి బరువు కలిసి తింటే సరిపోతుంది. ఇక్కడ దాదాపు సగం ఎక్కి కూర్చోగానే అయిపోయింది. గుంతకు మిగిలింది 47. పైన భార్య కూర్చుంటే ఎంత మిగులుతుందో లెక్క వేయనక్కర్లేదు. ముందు ఫోర్కుల కదలిక 110 మిల్లీమీటర్లు, అక్కడా ఇదే కథ.

ఐరోపా వాహన ఆమోద నిబంధనల్లో మోటారు సైకిలు నడిపే మనిషి బరువు 75 కిలోలని లెక్కిస్తారు. దానికి అటూ ఇటూగా ఉండే జనానికి కుదిరే స్ప్రింగును కంపెనీ ఎంచుకుంటుంది, తప్పు పట్టడానికి లేదు. అయితే కొనేటప్పుడు షోరూములో రంగు అడుగుతారు, సీటు ఎత్తు అడుగుతారు, బరువు అడగరు. అడిగితే బాగుండేది.

వెనకకు మనవాడు తీసుకున్నవి హేగన్ షాకులు. లండన్ శివారులోని హేనాల్ట్‌లో తయారవుతాయి. డ్రాగ్ రేసుల్లో, గడ్డి మైదానం రేసుల్లో పేరు మోసిన ఆల్ఫ్ హేగన్ పెట్టిన సంస్థ అది. ఆర్డరు ఇచ్చేటప్పుడే మనిషి బరువు, వెనక కూర్చునేవాళ్ల బరువు, సామాను అన్నీ చెబితే దానికి తగిన స్ప్రింగు వేసి పంపుతారు. బంగారు రంగు ఓలిన్స్ షాకుల మీద చాలామందికి మోజు. స్వీడన్‌లో కెంత్ ఓలిన్ 1976లో మొదలుపెట్టిన ఆ సంస్థ 2025లో ఇటలీ బ్రేకుల కంపెనీ బ్రెంబో చేతికి వచ్చింది. సరుకు గొప్పదే, సందేహం లేదు. కాకపోతే తప్పు స్ప్రింగుతో బిగించిన బంగారు షాకు కంటే సరైన స్ప్రింగు ఉన్న సాదా నల్ల షాకు మేలు. డబ్బు తక్కువున్నవాడు ముందు స్ప్రింగు కొనాలి, రంగు తర్వాత.

స్ప్రింగుతో పని సగమే అవుతుంది. నొక్కుకున్న స్ప్రింగు ఎంత బలంగా నొక్కుకుంటే అంత బలంగా తిరిగి లేస్తుంది. ఆ లేవడాన్ని ఆపేది షాకు లోపలి నూనె. మెత్తని స్ప్రింగుకు తగ్గట్టు పెట్టిన పాత షాకులోనే గట్టి స్ప్రింగు తొడిగితే బండి గంతులేస్తుంది. అందుకే వెనక మొత్తం షాకులే మార్చారు.

ముందు ఫోర్కుల దగ్గర పేచీ ఎక్కువ. ఈ బండివి సాదా డ్యాంపర్ రాడ్ ఫోర్కులు. నూనె చిన్న రంధ్రాల గుండా పోవడమే వాటి పద్ధతి. స్ప్రింగు మార్చకుండా చిక్కటి నూనె పోస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లు డెర్బీలోనూ ఉన్నారు, భీమవరంలోనూ ఉన్నారు. కాలవ నీళ్లలో చెయ్యి మెల్లగా పెడితే దిగుతుంది, అరచేత్తో కొడితే చుర్రుమంటుంది. రంధ్రంలో నూనె కూడా అంతే. వేగం రెట్టింపైతే ప్రతిఘటన దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. నూనె చిక్కబడితే పదునైన గుంతలో ఫోర్కు నొక్కుకోనని మొరాయిస్తుంది, దెబ్బంతా మణికట్లకు వస్తుంది. ఈ చిక్కుకు అమెరికాలోని రేస్ టెక్ సంస్థ, దాన్ని స్థాపించిన పాల్ థీడ్, ఎమ్యులేటర్ అనే వాల్వును తెచ్చారు. డ్యాంపర్ రాడ్ మీద కూర్చుని, దెబ్బ గట్టిగా తగిలితే తెరుచుకుని నూనెను వదిలే బిళ్ల అది. మనవాడు దాని జోలికి పోలేదు. ముందుకు గట్టి లీనియర్ (మొదటి నుంచి చివరిదాకా ఒకే బలం ఉండే) స్ప్రింగులు, కంపెనీ చెప్పిన చిక్కదనంలోనే కొత్త నూనె, అంతే.

నూనె పోయడంలో ముసలాయన చూపిన శ్రద్ధ మాత్రం చూడాల్సిందే. స్ప్రింగులు బయటికి తీసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి నూనె మట్టం దాకా స్కేలు దించి కొలిచాడు. రెండు కాళ్లలోనూ ఒకే కొలత వచ్చేదాకా సిరంజితో లాగుతూ, పోస్తూ కూర్చున్నాడు. నూనె పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. ఖాళీ తగ్గితే చివర్లో గట్టిపడుతుంది.

అంతా బిగించాక వెనక శాగ్ 27కు వచ్చింది. మనిషి దిగితే బండి తన బరువుకే 8 మిల్లీమీటర్లు దిగి నిలిచింది. హెడ్‌లైటు మళ్లీ సరిచేశారు. మ్యాట్‌లాక్ బాత్ దారిలో మొదట తెలిసింది, బండి మునుపటికంటే మెత్తగా ఉందని. గట్టి స్ప్రింగు వేస్తే మెత్తగా ఎలా ఉంటుంది? మునుపు ప్రతి గుంతకూ షాకు చివర ఉండే రబ్బరును కొట్టుకునేది. ఇప్పుడు అంత దూరం పోవడం లేదు. ఆవిడ కూడా రైలు మాట మానేసింది. "బండి బాగైంది సరే, మీరెప్పుడు తగ్గుతారు?" అన్న ప్రశ్న మాత్రం ఉగాది భోజనాల దగ్గర అందరి ముందూ పడింది. న్యాయమైన ప్రశ్నే. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, గుంత మాత్రం ఇవాళే ఎదురవుతుంది.

రెండు సంగతులు మరవకూడదు. బ్రిటన్‌లో ఇలాంటి మార్పు చేస్తే బీమా సంస్థకు చెప్పి తీరాలి. వాళ్లు అడిగినదానికి శ్రద్ధగా నిజం చెప్పాలని 2012 నాటి చట్టం అంటుంది. దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజున పరిహారం చిక్కుల్లో పడొచ్చు. రెండోది, గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు పెరగదు. ఆ హద్దులో చట్రం, చక్రాలు, టైర్లు, బ్రేకులు అన్నిటికీ భాగం ఉంది. ముగ్గురు, గ్యాస్ బండ లెక్కకు ఏ షాకూ పూచీ పడదు.

భీమవరంలో ఉన్నా, బర్మింగ్‌హాంలో ఉన్నా, మీ బరువు 90 కిలోలు దాటితే ఏదైనా కొనేముందు ఒక స్నేహితుణ్ణీ ఒక టేపునూ పిలిచి శాగ్ కొలిపించుకోండి. ఖర్చు ఒక టీ. స్ప్రింగులు మారిస్తే పాతవాటిని పారేయకండి, నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మే రోజున వాటితో పాటు, కొత్త స్ప్రింగు ఎంత బలానిదో, ఎంత బరువు మనిషికి వేశారో కాగితం మీద రాసి ఇవ్వండి. కొనేవాడు 60 కిలోల వాడైతే అతని నడుముకు పాతవే కావాలి.