అరవై దాటిన ఫైబర్ పడవ

పియర్సన్ ట్రైటన్ అనే తెరచాప పడవ పరుగు, అన్నీ కలిసొచ్చిన రోజున, ఆరు నాట్లు. అంటే గంటకు పదకొండు కిలోమీటర్లు. సైకిలు మీద బడికెళ్లే పిల్లవాడు దీన్ని దాటిపోతాడు. అయినా అమెరికా తూర్పు తీరంలో చాలా రేవుల్లో ఒకటో రెండో ట్రైటన్లు ఇంకా లంగరు వేసుకుని కనిపిస్తాయి. వాటిలో ఏ ఒక్కటీ 1967 తర్వాత పుట్టింది కాదు. తెరచాప పడవల్లో ఇంతకన్నా వేగమైనవి, విశాలమైనవి, సౌకర్యమైనవి వందల రకాలు వచ్చాయి. తీరం వెంట ఊరూరూ తిరగడానికి మాత్రం దీన్ని మించిన పడవ నాకు తెలియదు. మిత్రుడితో కలిసి ఒకదాన్ని సాకుతున్నాను కాబట్టి పక్షపాతం ఉందనుకోవచ్చు. కారణాలు చెబుతాను, వినండి.

దీన్ని గీసినవాడు కార్ల్ ఆల్బర్గ్. స్వీడన్‌లో పుట్టి అమెరికా వచ్చి, పేరుమోసిన డిజైనర్ జాన్ ఆల్డెన్ దగ్గర చేయి తిరిగినవాడు. కట్టినవాళ్లు క్లింటన్, ఎవరెట్ పియర్సన్. వరసకు అన్నదమ్ములు, బ్రౌన్ యూనివర్సిటీలో చదివినవాళ్లు, పడవలు కట్టింది రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో. 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు మొదటి ట్రైటన్‌ను పట్టుకెళ్లారు. ధర 9,700 డాలర్లు. ప్రదర్శన ముగిసేలోగా 17 పడవలకు ఆర్డర్లు వచ్చాయి. నలుగురు పడుకుని, వండుకుని, నాలుగు రోజులు తిరిగిరాగల పడవను అచ్చుల్లో పోసి వరసగా తయారుచేయవచ్చని, నెలజీతం మీద బతికేవాళ్లు కూడా దాన్ని కొంటారని ఆ వారంలో తేలిపోయింది. తర్వాతి ఎనిమిదేళ్లలో ఏడు వందలకు పైగా కట్టారు.

దాని ఆకారంలో ఒక లెక్క దాగి ఉంది. మొత్తం పొడవు 28 అడుగుల పైచిలుకు. నిటారుగా నిలిచినప్పుడు నీటిని తాకేది 20 అడుగుల 6 అంగుళాలే. ముక్కూ తోకా రెండూ నీటిపైకి చాచుకుని ఉంటాయి. చూడటానికి అందంగా ఉంటుంది గానీ అందం కోసం అలా గీయలేదు. ఆ రోజుల్లో పందేలు నడిపిన క్రూజింగ్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమాల్లో నీటిగీత పొడవుకు పెద్ద పాత్ర ఉండేది. అది పొట్టిగా ఉంటే పడవకు కాలంలో వెసులుబాటు దొరికేది. బరువైన పడవ నీటిలో కదిలినప్పుడు తన ముందొక అల, వెనకొక అల లేపుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు శిఖరాల మధ్య దూరం పెరిగి, చివరికి పడవ నీటిగీత పొడవంత అవుతుంది. ఆపైన పోవాలంటే తను లేపిన అలను తానే ఎక్కాలి. ఆ శక్తి తెరచాపకు ఉండదు. నీటిగీతను అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. ట్రైటన్‌కు ఆరు దగ్గర ఆగుతుంది.

ఆల్బర్గ్ నేర్పంతా గాలి పెరిగినప్పుడు బయటపడుతుంది. పడవ ఓ పక్కకు ఒరగగానే, అప్పటిదాకా పైన ఉన్న ముక్కూ తోకా భాగాలు నీటిలోకి దిగుతాయి. నీటిగీత పొడవవుతుంది. దాంతో వేగం హద్దు కూడా కాస్త పైకి జరుగుతుంది. నియమం కొలిచింది నిటారుగా ఉన్న పడవను, పరిగెత్తేది ఒరిగిన పడవ. అందుకే ట్రైటన్ తొలి గాలికే తేలిగ్గా ఒరుగుతుంది. కొత్తగా ఎక్కినవాళ్లు బోల్తా పడుతుందని గుండెలు పట్టుకుంటారు. ఒక కోణం దాకా వెళ్లాక సీసం పట్టేస్తుంది. మూడు టన్నులకు పైబడిన బరువులో 1,300 కిలోలకు మించి అడుగునున్న సీసమే. అక్కడ భుజం ఆన్చి నిలబడినట్టు ఆగి, ఇక ఒరగనని మొండికేస్తుంది.

మసాచుసెట్స్‌లోని బజర్డ్స్ బేలో వేసవి మధ్యాహ్నం దీన్ని నడపాలి. రోజూ నైరుతి గాలి లేస్తుంది. పోటు తీసి నీళ్లు సముద్రంలోకి పోయే వేళ ఆ గాలి ఎదురొస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని మీదొకటి పడుతూ వస్తాయి. అడుగు బల్లపరుపుగా ఉన్న తేలిక పడవలు ప్రతి అల మీదా దబ్బున పడతాయి, లోపల గిన్నెలు మోగుతాయి, మనుషులకు దవడలు అదురుతాయి. సన్నటి నడుము, లోతైన గుండ్రటి అడుగు ఉన్న ట్రైటన్ అలను కోసుకుంటూ పోతుంది. ముందు డెక్ తడుస్తుంది, ఒంటి మీద నీళ్లు చిమ్ముతాయి, అది నిజమే. కానీ సాయంత్రం కటీహంక్ దీవి చేరేసరికి పొయ్యి వెలిగించి వంట చేసుకునే ఓపిక మిగిలి ఉంటుంది. తీరయాత్రకు పనికొచ్చే పడవ అనడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు తోచదు. రాత్రికి ముందు చేరాలి, చేరాక మనిషి మనిషిలా ఉండాలి.

లోపాలు లేవని కాదు. గాలి హెచ్చితే ముక్కు గాలివైపు తిరగాలని చూస్తుంది, చుక్కాని పిడి పట్టుకున్న చెయ్యి గుంజేస్తుంది. పెద్ద తెరచాపను అందరికన్నా ముందే కుదించుకోవాలి. కుదిస్తే వేగం తగ్గదు, చేతి మీద బరువు మాత్రం దిగుతుంది. అడుగున వెన్నులా దిగిన పొడవాటి కీల్ వల్ల గీసిన గీత మీద తనంతట తానే పోతుంది. ఆ కీలే ఇరుకు రేవులో ఇంజను మీద వెనక్కి నడిపేటప్పుడు మాట వినదు. ఎటు పోతుందో దాని ఇష్టం.

మా మేనమామ ఉప్పాడ మనిషి. అక్కడ తీరమంతా ఇప్పుడు ఫైబర్ బోట్లే. అమెరికాలో మా దగ్గరికి వచ్చినప్పుడు యార్డులో మా పడవ అడుగు చూసి, “ఒరేయ్ అల్లుడూ, దీని కింద ఇంత బండెందుకురా? ఇసకలోకి లాగాలంటే ఊరంతా దిగాలి కదా!” అన్నాడు. ఎంత సరైన ప్రశ్న! మన తూర్పు తీరంలో పడవ రోజూ కెరటాలు దాటి ఒడ్డెక్కాలి. దానికి కీల్ ఉంటే అదే శత్రువు. అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్‌లో అడుగడుక్కీ లోతైన సహజ రేవులున్నాయి. పడవ వేసవంతా నీళ్లలోనే ఉంటుంది. ఒకే ఫైబర్‌గ్లాస్, రెండు తీరాలు, రెండు అడుగులు.

పాత పడవ కొనేవాడికి అసలు పరీక్ష డెక్ దగ్గర. ట్రైటన్ కింది భాగమంతా గట్టి ఫైబర్‌గ్లాస్, మధ్యలో నింపు లేదు. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. డెక్‌లో మాత్రం రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టారు, తేలికగానూ బిగువుగానూ ఉండాలని. ఆ ఊహ మంచిదే. కానీ రెయిలింగు కాళ్లకూ తాళ్లు కట్టే కొమ్ములకూ బోల్టులు దిగిన చోట సీలు ఎండిపోతే నీళ్లు దిగుతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సుత్తి పిడితో అంగుళం అంగుళం తడుతూ పోతే బాగున్న చోట “టక్” అని పొడి మోత, కుళ్లిన చోట “దబ్” అని మొద్దు మోత. అలాంటి చోట పై పొర కోసి లేపితే బాల్సా నల్లబడి, నానిన అటుకుల్లా చేతికొస్తుంది. అదంతా గీకి, ఆరబెట్టి, కొత్త బాల్సాను ఎపాక్సీతో అంటించి, మీద మళ్లీ ఫైబర్ పొరలు వేయాలి. మాస్కు కింద చెమట, మోచేతుల నిండా గాజు నూగు దురద. బోల్టు పడే ప్రతి చోటా ముందు బాల్సా తవ్వేసి ఎపాక్సీ నింపి, ఆ తర్వాతే కొత్త రంధ్రం వేస్తే ఇక నీళ్లకు దారి ఉండదు. డెక్ మీద నిలిచే తెరచాప స్తంభం బరువును కింద మోసే దూలం కుంగిందేమో కూడా చూసుకోవాలి.

ఎవరెట్ పియర్సన్ ఆ బాల్సా పొరల విద్యను చాలా దూరం తీసుకెళ్లాడు. ఆయన ఆ తర్వాత పెట్టిన కంపెనీ చివరికి గాలిమరల రెక్కలు తయారుచేసే సంస్థగా మారింది. అనంతపురం గుట్టల మీద తిరిగే రెక్కలు కూడా ఈ జాతి ఫైబర్‌గ్లాసే.

ఈ పదార్థం కుళ్లదు, తుప్పు పట్టదు. దాని గొప్పా అదే, దానితో బాధా అదే. వదిలేసిన పడవ మట్టిలో కలవదు. కరిగించి మళ్లీ పోయడానికి వీల్లేదు. చాలావాటిని నరికి చెత్తదిబ్బకు తోలుతున్నారు. గట్టి మేనున్న పడవను డెక్ చెడిందని నరకడం నాకు అన్యాయంగా తోస్తుంది. జేమ్స్ బాల్డ్విన్ అనే నావికుడు “యాటమ్” అనే ట్రైటన్‌లో భూగోళాన్ని రెండుసార్లు చుట్టివచ్చాడు. తీరం కోసం పుట్టిన పడవ అంత పని చేసింది. తీరం వెంట మనల్ని తిప్పలేదా?

సముద్రం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు నావికాదళ మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. బోస్టన్, ప్రావిడెన్స్, న్యూజెర్సీ చుట్టుపక్కల ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయి. నీళ్ల ఒడ్డున ఫొటో దిగి వెనక్కి వచ్చేయకండి. బోస్టన్‌లో చార్లెస్ నది మీద కమ్యూనిటీ బోటింగ్ ఉంది, న్యూపోర్ట్‌లో సెయిల్ న్యూపోర్ట్ ఉంది. ముందు అక్కడ తెరచాప పట్టడం నేర్చుకోండి, పిల్లలకూ నేర్పించండి. ఆ తర్వాత ఒక పాత ట్రైటన్ కోసం వెతకండి. డెక్ తట్టి చూడకుండా మాత్రం బయానా ఇవ్వకండి.