పంతొమ్మిది స్టేషన్ల చదువు

ఇంట్లో పిల్లకి హైదరాబాద్‌లో పీజీ సీటొచ్చిందంటే ఎంత సందడో! బంధువులకి ఫోన్లు వెళ్తాయి. ఇరుగుపొరుగుకి స్వీట్లు అందుతాయి. ఫీజెంతో కనుక్కుంటారు. పుస్తకాలకెంతవుతుందో లెక్కేస్తారు. తీరా పెట్టె సర్దే వేళకి ఒక ప్రశ్న గుర్తొస్తుంది. 'ఇంతకీ పిల్ల ఎక్కడుంటుంది?' చాలా ఇళ్లల్లో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. 'మనవాళ్లున్నారుగా!'

ఖమ్మం జిల్లాలో మిరప పండించే ఓ రైతు ఇంట్లోనూ అదే జవాబు వచ్చింది. ఆయన పెద్దకూతురు డిగ్రీలో కాలేజీ ఫస్టు. సీపీగెట్ రాసింది. హబ్సిగూడ వైపున్న ఓ కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది. కాలేజీకి సొంత హాస్టల్ లేదు. అయితేనేం, బాచుపల్లిలో పిన్ని ఉంది. సొంత ఫ్లాటు. 'మా ఇల్లుండగా బయట ఉండటమేంటక్కా, నలుగురూ ఏమనుకుంటారు?' అంది పిన్ని ఫోన్లో. ఆ మాటతో అమ్మ గుండె కుదుటపడింది. నాన్నకి నెలకి ఆరేడు వేలు మిగిలినట్టయింది. అందరూ బాగానే ఆలోచించారు. ఎవరూ ఆలోచించనిది ఒకటే... బాచుపల్లికీ హబ్సిగూడకీ మధ్య దూరం.

రెండు గంటలు అటు, రెండు గంటలు ఇటు

బాచుపల్లి నగరానికి వాయవ్యాన ఒక కొస. హబ్సిగూడ తూర్పున మరో కొస. ఇంటి నుంచి మియాపూర్ మెట్రో స్టేషన్‌కి బస్సో షేర్ ఆటోనో ఎక్కాలి. పొద్దున్న ట్రాఫిక్‌లో ఆ అయిదారు కిలోమీటర్లకే అరగంట దాటుతుంది. మియాపూర్‌లో రైలెక్కి అమీర్‌పేటలో దిగాలి. అక్కడ నాగోలు వైపు వెళ్లే రైలు పట్టుకోవాలి. మియాపూర్ నుంచి లెక్కేస్తే పంతొమ్మిదో స్టేషన్ హబ్సిగూడ. అక్కడినుంచి కాలేజీకి పావుగంట నడక. రైలు కోసం చూసే సమయం, బ్యాగు తనిఖీ దగ్గర వరుస, అమీర్‌పేటలో మెట్లెక్కి దిగడం... అన్నీ కలిపితే రెండు గంటలు.

2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పుడు మొట్టమొదట తెరిచింది సరిగ్గా ఈ దారినే. మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు. ఆ రైలే లేకపోతే ఈ ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదేమో. మెట్రో ఉంది కాబట్టే 'ఎంతసేపమ్మా, ఇలా ఎక్కి అలా దిగడమే' అన్నాడు బాబాయి. ఆయనన్నది అబద్ధం కాదు. రైలు రైలే. కానీ మనిషి స్టేషన్లో కాపురం ఉండదు కదా! స్టేషన్‌కి ఇవతల కొంత, అవతల కొంత... రోజులో సగం అలసట ఆ కొంతల్లోనే ఉంటుంది.

డబ్బు సంగతీ తక్కువేం కాదు. 2025 మేలో మెట్రో ఛార్జీలు పెరిగాయి. రానూపోనూ వంద దాటిపోతోంది. షేర్ ఆటో కూడా కలుపుకుంటే నెలకి మూడు వేలు. పోనీ బస్సులో వెళ్దామా? 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. ఆ అమ్మాయి ఓ వారం అలాగే వెళ్లింది. పైసా ఖర్చు కాలేదు. కానీ సికింద్రాబాద్‌లో మారి కాలేజీ చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. మొదటి పీరియడ్ వారంలో మూడుసార్లు పోయింది. మళ్లీ మెట్రో కార్డే దిక్కయింది. నగరంలో ఇదో చిత్రమైన బేరం. డబ్బు మిగిల్చుకుంటే పొద్దు పోతుంది. పొద్దు మిగిల్చుకుందామంటే డబ్బు పోతుంది.

హాల్లో పరుపు

పిన్ని మంచిది. ఈ మాట ముందే చెప్పాలి. పొద్దున్నే ఆరింటికల్లా టిఫిన్ డబ్బా సిద్ధం చేసేది. రాత్రి ఎంతసేపైనా అన్నం తినకుండా ఎదురుచూసేది. కానీ అది రెండు పడగ్గదుల ఫ్లాటు. ఇద్దరు పిల్లలు. ఆ అమ్మాయి పరుపు హాల్లో. హాల్లోనే టీవీ. బాబాయిది మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆయన వచ్చి, తిని, కాసేపు వార్తలు చూసి పడుకునేసరికి పదకొండు. అప్పుడు లైటేసి చదువుదామంటే, పక్క గదిలో నిద్రపోయేవాళ్లకి ఇబ్బంది. పొద్దున్న నాలుగింటికి లేద్దామంటే, మిక్సీకి ముందే ఇంట్లో అలికిడి చేయడానికి మొహమాటం.

'అద్దె లేదు' అనుకుంటాం గానీ, బంధువులింట్లో ఉండే పిల్లలు అద్దె కట్టకుండా ఉంటారా? రూపాయల్లో కట్టరు, అంతే. గిన్నెలు తోమి కడతారు. పాప హోంవర్క్ చేయించి కడతారు. చుట్టాలొస్తే టీ పెట్టి కడతారు. ఇవేవీ ఎవరూ చేయమనరు. 'కూర్చో తల్లీ, అలసిపోయొచ్చావు' అనే అంటారు. అలా అన్నప్పుడే కూర్చోబుద్ధి కాదు.

కొసరు నిద్రంతా రైల్లోనే. మియాపూర్ నుంచి నిలబడటానికే చోటుండదు. అమీర్‌పేటలో సగం జనం హైటెక్ సిటీ వైపు మారిపోతారు. నాగోలు వైపు రైల్లో అప్పుడప్పుడూ సీటు దొరికేది. సీటు దొరికితే నిద్రొచ్చేది. రెండుసార్లు హబ్సిగూడ దాటిపోయి నాగోలులో మేలుకుంది. చివరి స్టేషన్ అని అందరూ దిగిపోతుంటే ఎవరో పెద్దావిడ భుజం తట్టి లేపింది.

మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ పోయింది. డిగ్రీలో అన్ని మార్కులు తెచ్చుకున్న సబ్జెక్టులోనే బ్యాక్‌లాగ్! ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, 'నాన్నా, నేను వచ్చేస్తా. ఊరి దగ్గరే బీఈడీ చేసుకుంటా' అంది. ఏడవలేదు. మామూలుగానే చెప్పింది. అందుకే తండ్రి భయపడ్డాడు.

'ఇంతకీ మీరెవరమ్మా?'

మిరప కోతల కాలం. అయినా ఆయన పొలం తమ్ముడికి అప్పజెప్పి హైదరాబాద్ బస్సెక్కాడు. తండ్రీకూతుళ్లు రెండు రోజులు హబ్సిగూడ, తార్నాక, రామంతాపూర్ వీధులన్నీ తిరిగారు. క్లాసులో ఇంకో అమ్మాయి కూడా గది వెతుక్కుంటోంది. ఇద్దరూ కలిసి చిన్న పోర్షన్ తీసుకుని వండుకుంటే చవకవుతుందని ఆలోచన.

టులెట్ బోర్డులకేం కొదవలేదు. గేటు తీశాకే అసలు కథ. ఒక ఇంట్లో 'ఫ్యామిలీకే ఇస్తాం' అన్నారు. ఇంకోచోట 'మాంసం వండుతారా?' అని అడిగి తలుపేసేశారు. ఒకావిడ ఆప్యాయంగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఏ ఊరని, ఏం చదువుతోందని అడిగింది. 'మా అమ్మాయి లాంటిదే' అని మెచ్చుకుంది. ఆ తర్వాత మెల్లగా, 'ఇంతకీ మీరెవరమ్మా?' అంది. పేరు అప్పటికే చెప్పారు. ఊరూ చెప్పారు. ఆ 'ఎవరు'కి అర్థం ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తండ్రి దాచలేదు, కులం పేరు చెప్పాడు. 'మావారిని అడిగి ఫోన్ చేస్తాం' అందావిడ. ఆ ఫోన్ రాలేదు. బయటికొచ్చాక ఆయన ఏమీ అనలేదు. కూతురూ ఏమీ అనలేదు. గేటు మాత్రం జాగ్రత్తగా వేసి వచ్చాడు.

దొరికిన గది ఒకటుంది. మూడంతస్తుల మీద, డాబా పైన, రేకుల కప్పు. అద్దె అందుబాటులోనే ఉంది. అడ్వాన్సు రెండు నెలలది. మధ్యాహ్నం పన్నెండింటికి లోపలికి వెళ్లి నిలబడితే మార్చి మొదటివారంలోనే నిప్పుల కొలిమి. ఇక మే నెల సంగతి చెప్పక్కర్లేదు.

చదువుకి వసతి ఎంత ముఖ్యమో ఇప్పుడు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైన 1918లోనే, రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లె నుంచి వచ్చిన పిల్లాడికి పట్నంలో తలదాచుకునే చోటు లేకపోతే, ఎంత గొప్ప విద్యాలయం ఉన్నా అది గేటు బయటి నుంచి చూసే భవనమేనని ఆనాటి పెద్దలకి అర్థమైంది. వందేళ్లు దాటినా, ఏ చుట్టమూ లేని పల్లెటూరి పిల్లకి ఎదురయ్యే మొదటి పరీక్ష ఎంట్రన్స్ కాదు, గదే. అందుకే నగరంలో చదువుకో పేట తయారైంది. విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్‌లలో పీజీ పిల్లలు. అశోక్‌నగర్, చిక్కడపల్లిలో గ్రూప్స్ అభ్యర్థులు. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్‌లలో సాఫ్ట్‌వేర్ కోర్సులవాళ్లు. కులం అడగని ఇంటి కోసం, నడిచివెళ్లే దూరం కోసం ఒకరి వెనక ఒకరు అక్కడికే చేరారు.

సాంబారు రుచి చూసి...

రెండోరోజు సాయంత్రం లేడీస్ హాస్టళ్లు చూశారు. మొదటిది నలుగురి గది, కిటికీ లేదు. రెండోదానికి కిటికీ ఉంది గానీ అంతస్తుకి ఒకటే బాత్రూమ్. మూడోదాంట్లో ఆ పెద్దమనిషి చూసిన పద్ధతి చాలామంది తల్లిదండ్రులకి పనికొస్తుంది. ఆయన గది కన్నా ముందు వంటగది చూశాడు. భోజనాల వేళ దాకా ఆగి, 'అమ్మా, కొంచెం సాంబారు వెయ్యండి' అని రుచి చూశాడు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ ఎన్నిరోజులకొకసారి వస్తుందో అడిగాడు. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో, ల్యాబ్ ఆలస్యమైతే తీస్తారో లేదో కనుక్కున్నాడు. ఖాళీ చేయాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ కింద అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు... అన్నీ కాగితం మీద రాయించుకున్నాడు. అక్కడుండే ఇద్దరమ్మాయిల్ని పక్కకి పిలిచి 'ఎట్టా ఉందమ్మా?' అని అడిగాడు. వాళ్లు 'అన్నం పర్లేదంకుల్, చపాతీయే కష్టం' అన్నారు. ఆ నిజాయితీ ఆయనకి నచ్చింది.

ముగ్గురి గది. భోజనంతో కలిపి నెలకి ఆరున్నర వేలు. కాలేజీకి ఇరవై నిమిషాల నడక.

రోడ్డు పక్కన టీ తాగుతూ లెక్కేశాడు. ప్రయాణానికే మూడు వేలు పోతోంది. అంటే పైన పడేది మూడున్నర వేలు. ఇప్పుడు రోజుకి నాలుగు గంటలు దారిలో పోతున్నాయి. నెలకి పాతిక రోజులంటే వంద గంటలు. నడకకి కొన్ని తీసేసినా ఎనభై గంటలు మిగులుతాయి. 'అంటే గంటకి నలభై నాలుగు రూపాయలు. మిరప కోతకొచ్చే మనిషికి కూడా లెక్కేస్తే అటూఇటూగా అంతే పడుద్ది. కాయ కోసినందుకు ఇస్తున్నాం, నువ్వు చదువుకునే గంటకి ఇయ్యలేనా?' అన్నాడు. ఆ మూడున్నర వేలు తేలిగ్గా వచ్చేవి కావని ఇద్దరికీ తెలుసు. ఆ ఏడు మిర్చి ధర చూసుకుని చేయించుదామనుకున్న ఇంటి మరమ్మతు వాయిదా పడుతుంది.

పిన్నికి చెప్పడమెలా?

డబ్బు కన్నా కష్టమైన పని ఇంకోటి మిగిలింది. పిన్ని చిన్నబుచ్చుకుంది. 'మేమేం తక్కువ చేశాం బావా?' అంటే ఏం చెబుతాడు? హాల్లో టీవీ గురించి చెప్తే నిష్ఠూరం. దూరమంటే, 'మొదటినుంచీ ఉన్న దూరమేగా!'

ఆయన మార్కుల కాగితం ముందు పెట్టాడు. 'నువ్వు ఎక్కువే చేశావమ్మా. రైల్లో నిద్రపోయి నాగోలు దాకా వెళ్లిందంట పిల్ల. ఒకనాడు ఏమన్నా అయితే నువ్వూ నేనూ ఎట్టా తట్టుకుంటాం?' అన్నాడు. నాగోలు సంగతి పిన్నికి తెలియదు. ఆ అమ్మాయి చెప్పలేదు. పిన్ని కాసేపు మాట్లాడకుండా ఉండి, లేచి, అల్మరా పైనుంచి దుప్పటి తీసింది. 'హాస్టల్లో ఏసీలూ కూలర్లూ ఉండవు గానీ దోమలుంటాయి. ఇది తీస్కపో' అంది.

ఇలాంటి ఇళ్లు నగరంలో వేలల్లో ఉంటాయి. పిల్లని ఇంట్లో పెట్టుకునే పిన్నులూ, పంపే అమ్మానాన్నలూ అంతా ప్రేమతోనే చేస్తారు. అద్దె ఎంతో అడుగుతారు, ఛార్జీ ఎంతో అడుగుతారు. గంటలెన్నో మాత్రం అడగరు. పీజీ అంటే రెండేళ్లు. రోజుకి నాలుగు గంటలు దారిలో పోతే, ఆ రెండేళ్లలో ఎన్ని పుస్తకాలు తెరవకుండానే ఉండిపోతాయో లెక్కకందదు. సీటొచ్చిన రోజునే కాలేజీ నుంచి ఇంటికి, పొద్దున్న ఎనిమిదింటి ట్రాఫిక్‌లో, ఎవరైనా ఒకసారి ప్రయాణం చేసి చూస్తే చాలు. చుట్టరికం చెడకుండా ముందే మాట్లాడుకోవచ్చు. వారానికి అయిదు రోజులు కాలేజీ పక్కన, ఆదివారం పిన్ని ఇంట్లో అని మొదటే అనుకోవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు బాచుపల్లి వెళ్తుంది. ఎలాగూ తొందర లేదు కాబట్టి జీరో టికెట్ మీద బస్సులోనే, కిటికీ పక్కన కూర్చుని. పాప హోంవర్క్ మానలేదు, గిన్నెలు మాత్రం పిన్ని ముట్టుకోనివ్వడం లేదు. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసా చేతిలో పెడుతుంది. సీసా సోమవారం రాత్రికే ఖాళీ. గదిలో ముగ్గురు కదా! బ్యాక్‌లాగ్ పేపర్ రెండో సెమిస్టర్‌తో పాటు రాసింది. పాసైంది.